నావలా కుట్టిన ప్లాస్టిక్ కొలను

2003 ఫిబ్రవరిలో నన్ను మత్స్యాభివృద్ధి అధికారిగా టెక్కలికి బదిలీ చేశారు. అంతకుముందు ఉద్యోగమంతా భీమవరం చుట్టుపక్కల చేపల చెరువుల గట్ల మీదే గడిచింది. సముద్రం ఒడ్డున పోస్టింగు అనేసరికి ఇంట్లోవాళ్లు నాకు శిక్ష పడిందనుకున్నారు. పడింది కూడా. ఎందుకు పడిందన్నది వేరే కథ. అందులో నేను మరీ తెలివైనవాడిగా కనబడను కాబట్టి దాని జోలికి పోను.

పేరు వింటే మత్స్యాభివృద్ధి అధికారి వల్లే సముద్రంలో చేపలు పెరుగుతాయేమో అనిపిస్తుంది. వాస్తవంలో ఆయన పని పడవలకు రిజిస్ట్రేషను చేయడం, వలల సబ్సిడీకి అర్హుల్ని తేల్చడం, తుపాను హెచ్చరిక వస్తే ఊరూరా తిరిగి ఎవరూ వేటకు పోవద్దని గొంతు చించుకోవడం, అయినా పోయినవాళ్లు క్షేమంగా తిరిగొస్తే తిట్టడం. వరసలో నాకు కింద ఫీల్డుమాన్ ఉంటాడు, పైన అసిస్టెంట్ డైరెక్టరు, ఆ పైన జిల్లా మొత్తానికి డిప్యూటీ డైరెక్టరు. ఈయన్ని అందరం డీడీ గారు అనేవాళ్లం. నా వంతుకు సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు మండలాల తీరం వచ్చింది. వాహనం నా సొంత మోటారు సైకిలు. పెట్రోలు బిల్లులు నేను రిటైరయ్యేనాటికి కూడా పరిశీలనలోనే ఉన్నాయి.

మా డీడీ గారు చెడ్డవాడు కాదు. ఆయనకున్న జబ్బల్లా ప్రారంభోత్సవాలు. కత్తెర కనబడితే చాలు, రిబ్బను ఎక్కడుందని వెతికే రకం. ఆ ఏడాది విశాఖపట్నంలో పూల ప్రదర్శనకు వెళ్లి, అక్కడ తోటల్లో పెట్టుకునే ప్లాస్టిక్ కొలను ఒకటి చూసి మనసు పారేసుకున్నారు. నల్లటి, మందమైన ప్లాస్టిక్కుతో అచ్చుపోసిన తొట్టి అది. ఇద్దరు మనుషులు పడుకునేంత ఉంటుంది. నేలలో గొయ్యి తీసి దింపి, చుట్టూ రాళ్లు పేర్చి, నీళ్లు నింపి రంగు చేపలు వదిలితే బంగళా ముందు సహజమైన మడుగున్నట్టు ఉంటుందట. సరిగ్గా అదే సమయంలో, మత్స్యకార మహిళలకు ప్రత్యామ్నాయ ఉపాధి చూపించమని పైనుంచి కాగితం వచ్చింది. డీడీ గారు ఆ కాగితాన్నీ ఈ తొట్టినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. 'రంగు చేపల పెంపకం, ప్రదర్శన యూనిట్టు' పుట్టింది.

ఎంపికైన ఊరు పూండి స్టేషనుకు తూర్పున, ఇసక దారిలో పోతే వచ్చే ఒక మత్స్యకార గ్రామం. పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్లు నవ్వుతారు, జిల్లా కేంద్రంలో కొందరు నవ్వరు. అక్కడి మహిళా సంఘం నాయకురాలు పోలమ్మ. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని పలాస బజారు దాకా తిరిగిన మనిషి. అధికారులంటే ఆమెకు భయం లేదు, జాలి ఉండేది. తొట్టి లారీలో దిగిన రోజున డీడీ గారు ప్రదర్శన యూనిట్టు గురించి వివరిస్తే అంతా విని ఒకే ప్రశ్న వేసింది.

"తినీదానికి పనికిరాని సేపని మేపీడవేటి బాబూ?"

అందం కోసమని డీడీ గారు చెప్పారు. పోలమ్మ తన సంఘం ఆడవాళ్లవైపు ఒకసారి చూసి, సరేనంది. తట్టలు మోసే మనుషులకు అందం ఒకటి తక్కువైంది అన్నట్టు చూసిందనిపించింది నాకు. అంతటితో ఆగితే బాగుండేది. డీడీ గారు ఆ తొట్టి ఆకారాన్ని చూపించి, దీన్ని కిడ్నీ షేపు అంటారని ఉత్సాహంగా చెప్పారు. ఉద్దానంలో, అంటే కొబ్బరి, జీడి తోటల ఆ తీరంలో, ఆ మాట సరదాకు వాడరు. గడపగడపకూ ఎవరో ఒకరు కిడ్నీ జబ్బుతో ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్న ఊళ్లవి. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పోలమ్మే సర్దింది.

"ఆ పేరు ఇక్కడొద్దు బాబూ. జీడిపిక్క లాగున్నాది. అలాగే అనుకుందాం."

అప్పట్నుంచి అది జీడిపిక్క తొట్టి. డీడీ గారు కూడా అలాగే అన్నారు. ఆ మాత్రం మంచితనం ఆయనలో ఉంది.

తొట్టి కాపలా బాధ్యత జోగారావుకు అప్పగించారు. జోగారావు మా ఫీల్డుమాన్, పూండి దగ్గర కొబ్బరి రైతుల కుటుంబం. ఫీల్డుమాన్ అని పిలవడమే గానీ అతను ఎన్.ఎం.ఆర్. మనిషి. అంటే నామినల్ మస్టర్ రోల్. రోజుకూలీ లెక్కన హాజరు వేసుకుని, పర్మనెంటు ఉద్యోగి పనంతా చేసే మనిషి. పదేళ్లుగా అదే వరస. భార్య పక్కింటివాళ్లతో 'మా ఆయనది గవర్నమెంటు' అని చెప్పుకునేది. కానీ ఏ పూటకా పూట తీసేయగలిగిన గవర్నమెంటు అది. ఆ ఏడాదే ఇలాంటివాళ్లను క్రమబద్ధం చేయడానికి జిల్లాల నుంచి పేర్లు అడిగారు. జోగారావు పేరు జాబితాలోకి ఎక్కింది. ఇక డీడీ గారు సిఫారసు సంతకం పెట్టి, మే నెలాఖరుకు హైదరాబాదు పంపాలి. ఫైలు ఆయన బల్ల మీదే ఉంది. ఎప్పుడు వెళ్లినా అక్కడే ఉంటోంది.

తొట్టిని గోతిలో దింపిన రోజున డీడీ గారు జోగారావు భుజం తట్టి, "దీనికి గీత పడిందా, నీ ఫైలుకి గీత పడ్డట్టే" అన్నారు. తమాషాకే అన్నారు. పై అధికారి వేసే తమాషాకు పక్కనున్నవాళ్లు నవ్వుతారు. కిందివాడికి మాత్రం అది ఉత్తర్వు. ఆ రోజు జోగారావు నవ్వలేదు.

స్థలం ఎంపిక కూడా డీడీ గారిదే. చేపలకు నీడ ఉండాలన్నారు. ఉద్దానంలో నీడంటే కొబ్బరి నీడే. సంఘం భవనం పక్కన చెట్ల కింద గొయ్యి తవ్వి, అడుగున ఇసక పరిచి, రసమట్టం పెట్టి చూసి మరీ తొట్టిని దింపాం. కాయలు పడతాయని పోలమ్మ చెప్పనే చెప్పింది. కాయల్ని దింపించేస్తే సరి అన్నారాయన, ఎవరు దింపించాలో చెప్పలేదు. ఆ తర్వాత ప్రారంభోత్సవం ఒకసారి కలెక్టరు మీటింగని, ఒకసారి ఆడిట్ అని వాయిదా పడింది. రిబ్బను కత్తిరించకుండా నీళ్లు నింపకూడదని ఆయన నియమం. వేసవంతా తొట్టి ఖాళీగా ఎండింది. నీళ్లుంటే కాయ పడ్డా తట్టుకునేదేమో. ఎండకు పెళుసెక్కిన ఖాళీ ప్లాస్టిక్కు మీద, మే మొదట్లో వీచిన గాలికి ముదర కాయ ఒకటి రాలింది. అడుగు నుంచి పక్క గోడ సగం దాకా బీట.

జోగారావు టెక్కలి ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"పగిలిపోనాది బాబూ. నానేటి సేసేది? కాయకి సెప్తే ఇంతాదా?"

డీడీ గారికి ఉన్నది ఉన్నట్టు చెబుదామన్నాను. వద్దని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఫైలు వెళ్లేదాకా ఆగమన్నాడు. ఆ మధ్యాహ్నమే డీడీ గారి ఫోను: పది రోజుల్లో ప్రారంభోత్సవం, ఫోటోగ్రాఫరు వస్తాడు, అదే రోజు జోగారావు ఫైలు మీద కూడా సంతకం చేసేస్తాను, శుభకార్యం కదా అని. సరే సార్ అని ఫోను పెట్టేశాను. తొట్టి నీళ్లు ఆపాలి, లేకపోతే ఒకడి పదేళ్ల చాకిరీ ఆ బీటలోంచి కారిపోతుంది. అంతే సంగతి.

మొదటి ప్రయత్నం నాదే. అప్పుడప్పుడే ఆ తీరానికి ఫైబర్ బోట్లు వస్తున్నాయి. వాటి మరమ్మతు మీద కాకినాడలో శిక్షణ పొందినవాణ్ని నేను. పద్ధతి ఇది: బీట చుట్టూ ఉప్పుకాగితంతో గరుకు చేయాలి, గాజుపీచుతో చేసిన చాప ముక్క పరచాలి, గట్టిపడే మందు కలిపిన రెజిన్‌ను బ్రష్షుతో అద్దాలి, ఆరనివ్వాలి. అన్నీ శాస్త్రోక్తంగా చేశాను. పోలమ్మ సంఘం ఆడవాళ్లు చుట్టూ చేరి, పెద్ద డాక్టరు ఆపరేషన్ చేస్తుంటే చూసినట్టు చూశారు. మర్నాడు వేలితో కొసను లాగితే అతుకంతా కాలిన పెనం మీద అట్టులా అందంగా ఊడొచ్చింది. ఫైబర్ బోటు వేరు, ఈ ప్లాస్టిక్కు వేరు. ఇది బిందెల జాతి. దీనికి రెజినూ అంటదు, జిగురూ అంటదు.

బిందెల జాతి అనుకున్నాం కాబట్టి, రెండో ప్రయత్నానికి బిందెలకు మాట్లు వేసే ఆయన్ని జోగారావు కాశీబుగ్గ నుంచి సైకిలు మీద ఎక్కించుకొచ్చాడు. ఈయన ఇనప చువ్వను కుంపట్లో కాల్చి, పాత ప్లాస్టిక్కు ముక్కను కరిగించి పగుల్లోకి దిద్దుతాడు. బిందెలైతే భేషుగ్గా అతుకుతాయి. మా తొట్టి వేసవంతా ఎండలో కాగింది కదా, చువ్వ వేడి తగలగానే సగం గోడ దాకా ఉన్న బీట పటుక్కున అంచు దాకా పాకింది. ఆయన చువ్వను బకెట్లో ముంచి, ఛార్జీ కూడా అడక్కుండా బస్సెక్కాడు.

జోగారావు తొట్టి పక్కనే ఇసకలో చతికిలబడి తల పట్టుకున్నాడు. నాకు కోపమొచ్చింది. కొబ్బరికాయ మీదో, పూల ప్రదర్శన మీదో, ఎవరి మీదో చెప్పలేను. అప్పుడు పోలమ్మ చేతులు దులుపుకుని లేచింది.

"నావకి బీటడితే మావోళ్లేటి సేత్తారు? నీళ్లలో ఒగ్గీత్తారా? ఎర్రయ్య మావని పిలండి."

అది వేట నిషేధం కాలం. చేపలు గుడ్లు పెట్టే రోజులని ఏప్రిల్ మధ్య నుంచి మే ఆఖరు దాకా మరపడవలు కడలి మీదికి పోకూడదు. ఊళ్లో మగవాళ్లంతా ఒడ్డునే ఉండి వలలు బాగుచేసుకుంటూ, నావలకు పూతలు వేసుకుంటూ ఉంటారు. ఎర్రయ్య ఆ ఊరి నావల పెద్ద మేస్త్రీ. వచ్చాడు, తొట్టి చుట్టూ తిరిగాడు, గోడను వేలితో మీటాడు. నావను గోతిలో దాసీడవేటని అడిగాడు. విషయం చెబితే అర్థమైనట్టే తలాడించాడు.

ఆ తీరాన పాతకాలం నావలకు మేకులుండవు. పలకలకు బెజ్జాలు చేసి తాడుతో కుడతారు. అలలు కొట్టినప్పుడు విరగకుండా వంగుతాయి. మన వాళ్లు తొట్టిని గోతిలోంచి పైకెత్తి, బోర్లించి, బీటకు అటూ ఇటూ బెజ్జాలు పొడిచి, వల అల్లే నైలాను దారంతో కుట్టారు. కుట్టు మీద గుడ్డ పీలికలు. గుడ్డ మీద పూత. పూత అంటే గుగ్గిలం పొడి, జీడినూనె కలిపి కాచిన నల్లటి పాకం. జీడినూనె అంటే పప్పులోంచి తీసేది కాదు, పిక్క తొక్కలోంచి కారేది. పలాసలో పిక్కలు కాల్చే చోట దొరుకుతుంది. అది పూసిన కొయ్యకు చెదలు పట్టదు, నీరు దిగదు. ఒంటికి తగిలితే మాత్రం తోలు ఊడిపోయేలా పొక్కుతుంది. పాకం ముట్టుకోబోయే ముందు అందరూ చేతులకు కొబ్బరినూనె దట్టించారు. నేను పుల్లతో కలుపుతానని ముచ్చటపడి చిటికెన వేలు పొక్కించుకున్నాను. అంతా నవ్వారు. జీడి సంగతి తెలియని పెద్దమనిషి కూడా ఉంటాడని వాళ్లకు అదో వింత.

పూత ఆరాక తొట్టిని దింపి నీళ్లు పోశాం. కుట్టు దగ్గర గుడ్డ బుడగలా ఉబ్బి, పూత పెచ్చులుగా విడిపోయి, నీళ్లు ఇసకలోకి దిగిపోయాయి. ఎర్రయ్య కాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"ఓర్నాయనో! బయిటేపు పూసీసినాం! పుట్టి బుద్దెరిగిన కాణ్నుంచి నీటిని బయిటే ఉంచినాను. లోపలుంచమని నన్నెవుడూ అడగలేదు గదా!"

అక్కడున్న వాళ్లలో ఒక్కరికి కూడా తట్టలేదు. నాకూ తట్టలేదు. నావకు నీరు బయటినుంచి నెడుతుంది, పూత చెక్కకు అతుక్కుపోతుంది. కొలనుకు లోపల్నుంచి నెడుతుంది, బయట పూసిందాన్ని ఊడదన్నుతుంది. ఊరు ఊరంతా నావ బుర్రతో ఆలోచించాం. జోగారావు కూడా నవ్వాడు. బీట పడ్డ తర్వాత అతని మొహంలో నవ్వు చూడ్డం అదే మొదలు.

మళ్లీ లోపలివైపు నుంచి పీలికలు పరిచి పూత వేశారు. ఈసారి నిలిచింది. పాకం కొంత మిగిలింది. పారబొయ్యడమెందుకని ఎర్రయ్య నేలకు జానెడు పైకి ఉన్న తొట్టి అంచు చుట్టూ ఒక చేయి వేశాడు. నావకైతే అంచుకు కూడా వేస్తారు మరి. నల్ల ప్లాస్టిక్కు మీద నల్ల పూత, కొత్తగా నిగనిగలాడింది. బీట ఎక్కడుందో కుట్టినవాడు కూడా పట్టలేడు.

చేపల సంగతి నా బాధ్యత. ముందుగా గెడ్డలోంచి, అంటే ఊరి పక్క వాగులోంచి, పట్టిన పరిగి చేపపిల్లల్ని వదిలి చూశాను. తెల్లారేసరికి వెల్లకిలా తేలాయి. నీళ్లు తోడించి, తొట్టిని సున్నపు నీళ్లతో కడిగించి, మళ్లీ నింపించి, మళ్లీ వదిలాను. నాలుగైదు దఫాలయ్యాక పిల్లలు బతికి తిరగడం మొదలెట్టాయి. చేపలకు సరిపడితే అందరికీ సరిపడ్డట్టే అనుకున్నాను. చేపలు అంచు మీద కూర్చోవు కదా.

ప్రారంభోత్సవం రోజున డీడీ గారు తెల్లటి పాంటు, తెల్లటి చొక్కాతో జీపు దిగారు. కొబ్బరి మట్టల పందిరి, మామిడాకులు, రిబ్బను. జోగారావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తొట్టివైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడుతున్నాడు. కత్తెర పని అయింది. విశాఖ నుంచి తెచ్చిన బంగారు చేపలు ప్రాణవాయువు నింపిన పాలిథిన్ సంచీలో ఉన్నాయి. అలాంటి సంచీని విప్పి చేపల్ని ఒక్కసారిగా నీళ్లలో గుమ్మరించకూడదు. మూతి కట్టిన సంచీనే నీటి మీద కొంతసేపు తేలనివ్వాలి. లోపలి నీరు, బయటి నీరు ఒకే వేడికి వచ్చాక వదలాలి. లేకపోతే చేపలు చస్తాయి. ఈ విషయం నేను డీడీ గారికి వివరంగా చెప్పాను. ఆయనకు తెలుసు, కానీ ఫోటోగ్రాఫరు వింటున్నాడని మరోసారి చెప్పించుకున్నారు. మరి ఆ కొంతసేపూ ఏం చేయాలి? సంచీ మీద చేయి వేసి, మత్స్యకార మహిళలు చుట్టూ నిలబడి ఉండగా, తొట్టి అంచు మీద కూర్చున్నారు.

మే నెల మధ్యాహ్నపు ఎండ. పూత మెత్తబడి ఉంది. పోలమ్మ ముందు చూసింది.

"బాబూ, అక్కడ కూకోకండి! లెగండి!"

కుర్చీ వేయలేదని నొచ్చుకుంటోందనుకున్నారు డీడీ గారు. చేయి ఊపి, "ఫరవాలేదమ్మా, నేనూ మీలో ఒకణ్నే" అన్నారు. ఫోటోగ్రాఫరు ఆ మాటకు మరో ఫోటో తీశాడు. పోలమ్మ నావైపు చూసింది. నేను జోగారావువైపు చూశాను. జోగారావు కళ్లు మూసుకున్నాడు. ఎవరైనా ఏం చెప్పగలరు? లేవమంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే బీట సంగతి బయటపడుతుంది. ఆయన అలా స్థిమితంగా కూర్చుని, రంగు చేపల భవిష్యత్తు గురించి మాట్లాడి, చేపల్ని వదిలి లేచారు. లేచేటప్పుడు పాంటు అంచును విడిచిపెట్టడానికి కాస్త మొరాయించింది. వెనక నిలబడ్డ ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఫైలు మీద సంతకమా, రేపు ఆఫీసులో మొదటి పని అదే అని చెప్పి డీడీ గారు జీపెక్కారు. పోలమ్మ పరుగున కొబ్బరినూనె సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. బేగి రాయించండి బాబూ, లేదంటే పొక్కిపోద్ది అంది. శాఖలో ఏ విషయమైనా పై అధికారికి తగిన మార్గంలోనే చేరాలి. నేను అసిస్టెంట్ డైరెక్టరుకు చెప్పాలి, ఆయన డీడీ గారికి చెప్పాలి. ఇలాంటి విషయానికి ఆ మార్గం పనిచేయదని నాకు అప్పుడే తెలిసింది. సీసాను జీపు డ్రైవరుకు ఇచ్చి, సారుకు అవసరం పడొచ్చని మాత్రం చెప్పాను. డ్రైవరు దాన్ని ఇంటికి తీసుకుపోయి వంటకు వాడుకున్నాడని తర్వాత విన్నాను.

మర్నాడు డీడీ గారు ఆఫీసుకు రాలేదు. వైద్య కారణాలపై సెలవు అన్నారు. జోగారావు నా దగ్గరికొచ్చి, "ఆయన నా ఉజ్జోగం మీదే కూకున్నాడు బాబూ" అన్నాడు. నవ్వు వచ్చింది గానీ నవ్వలేకపోయాను. నెలాఖరు ముంచుకొస్తోంది. ఇంట్లో భార్యకు ఇంకా చెప్పలేదట. మనిషి అన్నం కూడా సరిగ్గా తినడం లేదని పోలమ్మ నా మీద కేకలేసింది. తొట్టి మాత్రం చుక్క నీరు కారలేదు. బంగారు చేపల్ని కొంగలు వరసగా తినేశాయి. అందం ఎలా ఉంటుందో కొంగలకు తెలిసిందని పోలమ్మ తేల్చింది. ఆ తర్వాత ఆడవాళ్లు తొట్టికి లోపల గోనెపట్టా పరిచి, అమ్మకానికి మిగిలిన పీతల్ని బతికించుకోవడానికి వాడుకున్నారు.

నెలాఖరుకు కాస్త ముందు డీడీ గారు డ్యూటీలో చేరి నన్ను పిలిపించారు. వెళ్లేసరికి కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. కుర్చీలో రబ్బరు దిండు ఉంది, కానీ దాన్ని కూడా ఆయన నమ్ముతున్నట్టు లేదు. ఆస్పత్రిలో డాక్టరు చూడగానే, పలాసవైపు ఎక్కడైనా కూర్చున్నారా అని అడిగాడట. దాంతో సగం తెలిసిపోయింది. మిగతా సగం నేను చెప్పాను. కొబ్బరికాయ, నా రెజిన్, చువ్వ, ఎర్రయ్య, పూత, ఏదీ దాచలేదు.

ఆయన విని, జోగారావు పేరు జాబితాలోంచి తీసేయమన్నారు. నేను మెల్లగా ఒక నియమం గుర్తుచేశాను. జాబితాలో ఎవరెవరున్నారో అప్పటికే హైదరాబాదుకు తెలుసు. పేరు కొట్టేయాలంటే కారణం స్పష్టంగా రాసి, ఆధారాలు జతచేయాలి. అయితే రాసి పట్టుకురమ్మన్నారు. పక్క గదిలో కూర్చుని రాశాను. ముసాయిదా రాయడంలో నాకు పేరుండేది. మళ్లీ వెళ్లి చదివి వినిపించాను.

"సదరు జోగారావు, ప్రదర్శన యూనిట్టునకు చెందిన ప్లాస్టిక్ కొలను అంచుపై జీడినూనె పూయించి, అట్టి అంచుపై జిల్లా అధికారి గారు ఆసీనులగుటను నివారించక, తద్వారా వారి పృష్ఠభాగమున ఉభయ పార్శ్వములందు బొబ్బలు ఏర్పడుటకు కారకుడైనందున..."

చేయెత్తి ఆపమన్నారు. జతపరచిన ఆధారాలు ఏమిటని అడిగారు. డాక్టరు సర్టిఫికెట్టు, ప్రత్యక్ష సాక్షులైన మహిళా సంఘం సభ్యుల వాంగ్మూలాలు, ప్రారంభోత్సవం ఫోటోలు, పాంటు అని చెప్పాను. విచారణ పెడితే జోగారావుకు ఫిర్యాదుదారును ప్రశ్నించే హక్కు ఉంటుందని కూడా గుర్తుచేశాను. నకళ్లు ఎవరెవరికి వెళ్తాయన్నారు. జాయింట్ డైరెక్టరుకు, కమిషనరు కార్యాలయానికి, ఆఫీసు ఫైలుకు, నోటీసు బోర్డుకు ఒకటి అన్నాను. నోటీసు బోర్డు మాట నేను కలిపిందే.

డీడీ గారు నా చేతిలోని కాగితం తీసుకుని నాలుగు ముక్కలు చేసి, "పెండింగులో ఇంకేమున్నాయి?" అన్నారు. బల్ల మీద అన్నిటికంటే పైన జోగారావు ఫైలు పెట్టాను. చదవాలంటే కూర్చోవాలి. ఆయన నిలబడే సంతకం పెట్టారు.

ఆ ఫైలు మర్నాడే హైదరాబాదు బస్సెక్కింది. కొన్ని నెలలకు జోగారావును పర్మనెంటు చేస్తూ ఉత్తర్వు వచ్చింది. నేను రిటైరయ్యేదాకా ఆ శాఖలో చాలా మెమోలు రాశాను, చాలా అందుకున్నాను. ఈ ఉదంతం వల్ల నాకు తెలిసింది ఇది: ప్రభుత్వంలో కిందివాణ్ని దెబ్బతీయాలంటే ముందు పైవాడు తనకు దెబ్బ ఎక్కడ తగిలిందో కాగితం మీద రాసుకోవాలి. రాయలేని చోట తగిలితే ఎవరి ఉద్యోగమూ పోదు.